బోరు మోటారు తనంతట తానేల ఆగును?

మిరపచేను పూతమీదనున్నపుడు తడి తప్పినచో పూత రాలును. అట్టివేళ మోటారు రాత్రి తనంతట తానాగి, తెల్లవాఱునప్పటికి తొట్టి వట్టిదై యుండుట యెంత నష్టమో పల్నాటి రైతుకు వేఱుగ చెప్పనక్కఱలేదు. తొట్టియందు సెన్సారును, బోరునొద్ద ఆటోమేటిక్ స్టార్టరును ఉంచుకొన్నవారికి ఈ చిక్కు కలుగుచుండును. మెకానిక్కు బోర్డును మార్చును. పదిదినములకు మరల అదియే కథ. బోర్డునందు దోషము లేకయే యిట్లు జరుగవచ్చును.

తీగలోని విద్యుత్తు తన చుట్టును అయస్కాంతబలమును కలిగించునని 1820లో ఓర్‌స్టెడ్ కనుగొనెను. ఆ బలము మాఱునపుడు ప్రక్కతీగలో విద్యుత్తు పుట్టునని 1831లో ఫారడే చూపెను. నేరుగ లైనుపై వేసిన మోటారు లేచునపుడు, పూర్తి పనిమీద తీసికొను కరెంటుకు ఇంచుమించు 5 మొదలు 7 రెట్లు లాగును. కాంటాక్టరు చుట్టకు కరెంటు తెగినపుడు వందలకొలది వోల్టుల పోటు క్షణమాత్రము లేచును. సెన్సారు తీగలో నడచునది కొలది వోల్టులే. రెండు తీగలును ఒకే గొట్టములో పోవుచున్నచో ఆ పోటు దీనికెక్కి, తొట్టి నిండెనని తప్పుడు కబురు చేర్చును.

అయినను ప్రతి దోషమును దీనిమీద త్రోయరాదు. వోల్టేజి తగ్గుట, బోరులో నీరు దిగుట, వదులైన స్క్రూ, తుప్పుపట్టిన సెన్సారు కొన, వీనిని ముందు చూడవలెను. పిమ్మట మోటారు ఆగిన వేళలను పుస్తకమున వ్రాసికొనుడు. ప్రక్కచేని మోటారు లేచినపుడా? మన మోటారు వేసినంతనేనా? తరువాత మెయిను తీసి, ఎలక్ట్రీషియనుచే పెట్టెనొద్ద సెన్సారు తీగను విప్పించి, మరల నడిపించుడు. తీగ లేనిచో తొట్టి ఖాళీయని యెంచు రకపు పెట్టెలయందే యీ పరీక్ష చెల్లును; తొట్టి పొర్లకుండ మనిషి కావలియుండవలెను. ఇపుడాగకున్నచో చొరబాటు ఆ తీగదారినే వచ్చినది. ఇంకను ఆగుచున్నచో సరఫరా తీగనో, కాంటాక్టరునో అనుమానింపవలెను.

మొదటి మందు పారపనియే. సెన్సారు తీగను మోటారు కేబులుకు అడుగెడమైన దూరముగ వేఱు కాలువలో వేయుడు; దాటక తప్పనిచోట అడ్డముగ దాటింపుడు. జంటను మెలిపెట్టి పైన లోహపు తొడుగున్న తీగ మేలు. ఆ తొడుగును పెట్టెవైపున మాత్రమే ఎర్తుకు కలుపవలెను. కాంటాక్టరు చుట్టకు తగిన స్నబ్బరును తగిలించినచో పోటు పుట్టినచోటనే అణగును.

పిడుగురాళ్ల, మాచర్ల ప్రాంతములందు సున్నపురాతి నేలలు కలవు. మన్ను పలుచనైనచోట ఎర్తుగుంట మేమాసమునకు ఎండి, పని చాలించును. దానికి నీరు పోయుచుండవలెను. ఎర్తు తీగ తీసిన గడబిడ తగ్గునని కొందఱు చెప్పుదురు. తగ్గినను తీయరాదు. తడిచేతితో పెట్టె ముట్టువానికి అదియే రక్ష.