నలుగురం కలిసి పైదేశం పోదామా?

వెనకటి వాళ్లు "ఫలానా ఆయన రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే బర్మా దేశంలోని రంగూన్ పట్నం. తెల్లదొరల కాలంలో మన ఉత్తర కోస్తా నుంచి ఎంతోమంది కూలీలు ఓడ ఎక్కి అక్కడికి వెళ్లారు. రేవులో మూటలు మోశారు. బియ్యం మిల్లుల్లో పనిచేశారు.

వాళ్లు ఒంటరిగా పోలేదు. ఒక ఊరివాళ్లు, తెలిసినవాళ్లు గుంపుగా పోయేవారు. గుంపుకు ఒక మేస్త్రీ ఉండేవాడు. ఓడ ఛార్జీ, అడ్వాన్సు అతనే ఇచ్చేవాడు. తర్వాత కూలిలోంచి కోసుకునేవాడు. లెక్కంతా అతని చేతిలోనే. చదువు రాని కూలీకి ఎంత బాకీ తీరిందో, ఎంత మిగిలిందో తెలిసేది కాదు.

1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేసింది. 1942లో లక్షల మంది మనవాళ్లు బర్మా విడిచారు. చాలామంది అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు. దారిలోనే ఎందరో చనిపోయారు.

ఇప్పుడు ఓడ పోయి విమానం వచ్చింది. రంగం బదులు కువైట్, సౌదీ, దుబాయి, మస్కట్ అంటున్నారు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు అక్కడికి ఇంటిపనికి వెళ్లారు. మేస్త్రీ బదులు ఏజెంటు వచ్చాడు.

అనంతగిరి మండలంలో ఒక ఊరి నుంచి నలుగురు స్నేహితురాళ్లు అలా వెళ్లాలనుకున్నారనుకుందాం. బయలుదేరే ముందు వాళ్లు ఏమి తెలుసుకోవాలి?

పాస్‌పోర్టు

పైదేశం వెళ్లాలంటే పాస్‌పోర్టు ఉండాలి. ఇది మన ప్రభుత్వం ఇచ్చే చిన్న పుస్తకం. అందులో ఫొటో, పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. పెద్దవాళ్లకు 10 ఏళ్లు పనిచేస్తుంది. మనకు పాస్‌పోర్టు ఆఫీసు విశాఖపట్నంలో ఉంది. ఆధార్ కార్డులో ఉన్న పేరే పాస్‌పోర్టులోనూ ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఇబ్బందే.

నలుగురి పాస్‌పోర్టులు ఒకే సంచిలో పెట్టకూడదు. ఎవరిది వాళ్ల దగ్గరే ఉండాలి. జిరాక్సు కాపీలు ఇంట్లో ఉంచాలి.

వీసా

వీసా అంటే "మా దేశం రావచ్చు" అని ఆ దేశం ఇచ్చే అనుమతి. చూడటానికి వెళ్లే వీసా వేరు. పనిచేసే వీసా వేరు. "ముందు చూసే వీసా మీద పోండి, అక్కడ మార్చేస్తాం" అని ఏజెంటు చెప్తే నమ్మకండి. ఆ వీసా మీద పని చేస్తే అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా గట్టిగా అడగలేరు.

మన ప్రభుత్వ అనుమతి

పదో తరగతి పాస్ కానివాళ్లు కువైట్, సౌదీ వంటి 18 దేశాలకు పనికి వెళ్లాలంటే మన ప్రభుత్వ అనుమతి కూడా కావాలి. 1983 నాటి వలస చట్టం అలా చెప్తోంది. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. వాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో అలాంటి సంస్థ పేరు ఓంక్యాప్.

ఈ అనుమతి లేకుండా దొంగదారిన పంపే ఏజెంట్లు ఉన్నారు. నలుగురిలో ఒకరికి 25 ఏళ్లే ఉంటే, "వయసు ఎక్కువ వేయిస్తా" అంటారు. ఒప్పుకోవద్దు. తప్పుడు కాగితం మీద పోయిన మనిషి ఆపద వస్తే నోరు విప్పడానికి భయపడుతుంది.

ఒప్పంద పత్రం

జీతం ఎంత? ఎన్నేళ్లు? సెలవు ఉందా? తిండి, వైద్యం ఎవరిది? ఇవన్నీ కాగితం మీద ఉండాలి. చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టాలి. ఖాళీ కాగితం మీద సంతకం గానీ, వేలిముద్ర గానీ వేయకూడదు. డబ్బు కడితే రసీదు తీసుకోవాలి.

తోడు ఎంతవరకు?

నలుగురు కలిసి వెళ్తే ధైర్యమే. విమానంలో తోడు. బాషరాని చోట తోడు. కానీ ఇంటిపని అంటే ఒక్కో ఇంట్లో ఒక్కరే. దిగిన రోజే నలుగురూ నాలుగు దారులు అవుతారు. అందుకే ముందే మాట అనుకోవాలి. నలుగురి నంబర్లు, ఇంటి నంబరు నోటికి రావాలి. ఫోను లాక్కున్నా నోట్లో ఉన్న నంబరు పోదు. వారంలో ఏ రోజు మాట్లాడుకోవాలో చెప్పుకోవాలి. ఎవరైనా మాట్లాడకపోతే మిగతావాళ్లు ఊరికి కబురు చేయాలి. మనకు రాత్రి 8 గంటలైతే కువైట్‌లో సాయంత్రం 5.30 అవుతుంది.

ఆపద వస్తే అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. అది పరాయి దేశంలో మన ప్రభుత్వ ఆఫీసు. దాని చిరునామా బయలుదేరే ముందే రాసుకోవాలి.

రంగం పోయిన కూలీకి మేస్త్రీ లెక్క చదవటం రాలేదు. మీకు ఇప్పుడు చదవటం వచ్చింది. ఏ కాగితమైనా చదివాకే కదలండి.

మాట్లాడుకోండి

1. చూసే వీసాకు, పనిచేసే వీసాకు తేడా ఏమిటి?
2. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండాలి? ఎందుకు?
3. మీ ఇంట్లోవాళ్ల ఫోను నంబరు చూడకుండా రాయండి.