వంటశాలకు కాపలా – వంటవారికి రక్షణ

ఆహారం కలుషితమైనదన్న వార్త వినగానే మన చూపు వంటవారి చేతుల శుభ్రతపైకి మళ్ళుతుంది. కాని కాలుష్యం రెండు విధాలు: అజాగ్రత్త వలన జరిగేది ఒకటి, బుద్ధిపూర్వకంగా చేసేది మరొకటి. మొదటిదానికి పరిశుభ్రతే మందు. రెండవదానికి అదొక్కటే చాలదు.

1984లో అమెరికాలోని ఆరిగాన్ రాష్ట్రంలో, ది డాల్స్ పట్టణంలో 751 మంది అస్వస్థులయ్యారు. స్థానిక ఎన్నికలలో ఓటర్లు పాల్గొనరాదన్న దురుద్దేశంతో సమీపంలోని రజనీష్ ఆశ్రమవాసులు కొందరు హోటళ్ళలోని సలాడ్లలో సాల్మొనెల్లా క్రిములను కలిపారు. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరుగలేదు. అయితే ఆరోగ్యశాఖ తొలి పరిశీలన వంటసిబ్బంది అపరిశుభ్రతనే కారణంగా భావించింది. 1985లో గాని కుట్ర బయటపడలేదు. అంతవరకు నింద మోసినవారు నిరపరాధులు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2016లో వెలువరించిన నిబంధనల ననుసరించి, ఆహార కర్మాగారాలలో ప్రత్యేక శ్రద్ధ వహించవలసిన ఘట్టాలు నాలుగు: ద్రవపదార్థాలను ట్యాంకర్ల నుండి దింపడం లేదా వాటిలోనికి నింపడం, వాటిని నిల్వచేయడం, స్వల్ప పరిమాణంలో వాడే దినుసులను చేర్చడం, అన్నిటినీ కలపడం. ఇచట చేరిన కొద్దిపాటి విషమైనా మొత్తం సరుకులో వ్యాపించగలదు.

మన క్యాంటీన్లకూ ఈ సూత్రమే వర్తిస్తుంది. నీటి ట్యాంకు మూతకు తాళం, సరుకు సంచుల సీలు తనిఖీ, స్టోరులో ప్రవేశించేవారి పేర్ల నమోదు, పూటపూటా వంటకాల నమూనాను ఫ్రిజ్‌లో భద్రపరచడం – వీటికయ్యే వ్యయం స్వల్పం. తాళం వేయడం సాటి ఉద్యోగిని శంకించడం కాదు. ఆపద సంభవించిన నాడు అతని నిజాయితీకి ఆ రిజిస్టరే సాక్ష్యం పలుకుతుంది.