బరువు ఎక్కడ దిగుతుంది?

కాలిఫోర్నియాకు చెందిన డిక్ కెల్టీకి సియెరా నెవాడా కొండల్లో రోజుల తరబడి నడవడం ఇష్టం. ఇష్టం లేనిదల్లా అప్పటి బ్యాగు. చెక్క చట్రానికి కట్టిన కాన్వాసు మూట, రెండు భుజం పట్టీలు, అంతే. 1950ల మొదట్లో ఒక నడకలో ఆ చట్రం కింది కొసల్ని జీన్స్ ప్యాంటు వెనక జేబుల్లో దోపితే భుజాల మీది భారం చటుక్కున తగ్గింది. జేబులు చేసిన పనిని నడుముకు బిగించే పట్టీ ఇంకా బాగా చేస్తుంది కదా! 1952లో భార్య నీనాతో కలిసి ఆయన ఇంట్లోనే బ్యాగుల తయారీకి దిగాడు. ఆయన అల్యూమినియం గొట్టాలు వంచి చట్రం చేస్తే, ఆమె గుడ్డ కుట్టేది. తొలి ఏడాది 29 బ్యాగులు అమ్ముడయ్యాయి, ఒక్కోటి 24 డాలర్లకు. 1963లో ఎవరెస్టు ఎక్కిన అమెరికన్ బృందం వీపున మోసినవి కెల్టీ బ్యాగులే.

ఇన్నేళ్ల తర్వాత కూడా ట్రెక్కింగ్ బ్యాగు కొనేవారి చూపు ముందుగా పడేది చీటీ మీది లీటర్ల మీద, గ్రాముల మీద, జేబుల లెక్క మీద. ఆ మూడూ పనికొచ్చే సంగతులే. కానీ నాలుగో రోజు మధ్యాహ్నం ఎత్తెక్కుతున్న మనిషికి హాయినిచ్చేదీ, ఏడిపించేదీ వేరే ఉంది. లోపలి బరువు ఒంట్లో ఏ భాగం మీద దిగుతోందన్నదే అది.

భుజం బరువు మోయడానికి తగిన చోటు కాదు. చేతికి వెళ్లే నరాలు, రక్తనాళాలు మెడ పక్క నుంచి కాలరెముక కింది సందులోంచి సాగుతాయి. పట్టీ గంటల తరబడి అక్కడ నొక్కితే వేళ్లు తిమ్మిరెక్కుతాయి. బరువైన మూటలతో మైళ్లకొద్దీ నడిచే సైనికుల్లో చెయ్యి పైకి లేవనంతగా నరాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. సైనిక వైద్యులు దాన్ని రక్‌శాక్ పాల్సీ అంటారు. నడుం పట్టీ, చట్రం ఉన్న బ్యాగులతో ఆ ముప్పు బాగా తగ్గుతుంది. తుంటి ఎముక సంగతి వేరు. అది నేరుగా తొడ ఎముకల మీద కూర్చుని ఉంటుంది. దాని మీద పెట్టిన బరువు వెన్నెముకను తాకకుండానే కాళ్లలోకి దిగిపోతుంది.

నడుం పట్టీ బిగిస్తే 80 శాతం బరువు నడుం మీదికే వెళ్తుందని దుకాణాల్లో ధైర్యంగా చెబుతుంటారు. అమెరికా సైన్యానికి చెందిన పరిశోధకులు బ్యాగులో బలాన్ని కొలిచే పరికరాలు అమర్చి మనుషుల్ని నడిపించి, 2004లో ఫలితాలు ప్రకటించారు. చట్రం, నడుం పట్టీ రెండూ ఉన్న బ్యాగులో కిందికి లాగే బలంలో నడుం భాగం మోసింది సుమారు 30 శాతమే. మిగిలిన 70 శాతం పైభాగమే మోసింది. ఇది ఒక రకం బ్యాగుతో చేసిన కొలత. అన్నిటికీ ఇదే లెక్క వర్తించదు. అయినా పట్టీ కట్టగానే భుజాలకు సెలవు దొరుకుతుందన్న నమ్మకాన్ని కాస్త తగ్గించుకోవాల్సిందే. ఆ 30 శాతమైనా దక్కాలంటే బ్యాగు కొలత సరిగ్గా ఉండాలి.

ఆ కొలత మనిషి ఎత్తు కాదు, వీపు పొడవు. తల వంచితే మెడ కింద ఒక ఎముక పొడుచుకొస్తుంది. అక్కడ టేపు మొదలుపెట్టాలి. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంటే బొటనవేళ్ల కింద తుంటి ఎముక అంచు తగులుతుంది. ఆ వేళ్లను కలిపే గీత వెన్నును దాటే చోట టేపు ఆపాలి. పెద్దవాళ్లలో చాలామందికి ఇది 40 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాళ్లు పొడవు, మరొకరికి వీపు పొడవు కావచ్చు కాబట్టి ఆరడుగుల మనిషికి మీడియం, ఐదున్నర అడుగుల మనిషికి లార్జ్ సరిపోవడంలో వింతేమీ లేదు. వీపుకన్నా చట్రం పొట్టిదైతే పట్టీ పొట్ట మీదికి ఎక్కుతుంది, బరువంతా మళ్లీ భుజాల పాలవుతుంది. ఇక చట్రమే లేని బ్యాగులో బరువు పెరిగేకొద్దీ వీపు భాగం మడత పడి కుంగుతుంది. అప్పుడు పట్టీని ఎంత బిగించినా లాభం లేదు. పైనున్న బరువును నడుం దాకా దించేది నిటారుగా నిలబడే చట్రం గానీ, గట్టిగా కుక్కిన సామాను గానీ. పర్వతారోహకుడు గ్రెగ్ లోవ్ 1967లో చట్రాన్ని బ్యాగు లోపలికి చేర్చిన నాటి నుంచి బయటికి కనబడకపోయినా, అల్యూమినియం పలకలో, కార్బన్ ఫైబర్ కడ్డీలో చేసేది ఈ పనే.

దూరం కూడా లెక్కలోకి వస్తుంది. బ్యాగు గరిమనాభి వీపు నుంచి వెనక్కి జరిగేకొద్దీ మనిషి ముందుకు వంగి సరిచేసుకోవాలి. ఆ వంపును పట్టి ఉంచే పని వెన్ను కండరాలది. నీళ్లు, బియ్యం, వంట గ్యాసు వంటి బరువులు వీపును ఆనుకుని, భుజాలకూ నడుముకూ మధ్య ఉండాలని చెప్పేది అందుకే. ఇక్కడే ఒక తగువు వస్తుంది. జర్మనీ సంస్థ డాయ్‌టర్ 1984లో వీపుకు, బ్యాగుకు మధ్య జాలీ బిగించి గాలి ఆడే ఏర్పాటు తెచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు దాన్ని వాడుతున్నాయి. చెమట తగ్గుతుంది, కానీ బరువు కొన్ని సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. నల్లమల ఉక్కలో రెండు రోజులు తిరిగేవాళ్లకు జాలీ మేలు. హిమాలయాల్లో మంచు వాలుల మీద బరువుతో నడిచేవాళ్లకు వీపునంటిన బ్యాగే నయం.

బరువు మోయడంలో అసలు నిపుణులు బ్యాగులు కొనేవాళ్లు కాదు. నేపాల్ కూలీలు నూరు కిలోమీటర్ల కొండదారిలో 7 నుంచి 9 రోజులు నడిచి ఎవరెస్టు దారిలోని నామ్చే సంతకు సరుకు చేర్చేవారు. 2005లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం మోసేవారు. వాళ్ల దగ్గర ఉన్నది వెదురు బుట్ట, దాన్ని నుదుటికి తగిలించే పట్టీ, ఆగినప్పుడు బుట్టను ఆనించడానికి ఒక కర్ర. మెల్లగా నడిచేవారు, మాటిమాటికీ ఆగేవారు. అంతకు ముందు 1986లో కెన్యా మహిళల మీద జరిగిన పరిశోధనలో, ఒంటి బరువులో 20 శాతం దాకా తలమీద పెట్టుకున్నా వాళ్లకు అదనపు శక్తి ఖర్చు కాలేదని తేలింది. ఇవి చిన్ననాటి నుంచి వచ్చిన అలవాటు ఫలాలు. నగరంలో కుర్చీ ఉద్యోగం చేసే మనిషి నుదుటికి పట్టీ తగిలించుకుంటే మెడనొప్పి తప్ప మరేమీ రాదు.

మన కావడి కథ ఇంకోలా ఉంటుంది. బద్ద వంగి ఊగుతుంటే బరువు తేలికవుతుందని అందరూ అనుకుంటారు. పరిశోధకుడు రోజర్ క్రామ్ 1991లో దీన్ని పరీక్షించాడు. స్ప్రింగులా వంగే గొట్టాల కొసలకు బరువులు కట్టి మనుషుల్ని ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి కొలిస్తే శక్తి ఏమీ ఆదా కాలేదు. తగ్గింది భుజం మీద అడుగడుగునా పడే కుదుపు. అదే తక్కువేమీ కాదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లారెన్స్ రోమ్ బృందం ఇంకో అడుగు ముందుకేసింది. బ్యాగును రబ్బరు తాళ్లకు వేలాడదీస్తే నడకలో బరువు ఎగిరిపడటం తగ్గి, అదే శక్తితో సుమారు 5 కిలోలు ఎక్కువ మోయవచ్చని 2006లో చూపింది. వారం నడకకు వెళ్లేవాళ్లు చేయగలిగిన చౌక పని వేరే ఉంది. బ్యాగు పక్క తాళ్లు బిగించి లోపలి సామాను కదలకుండా చేస్తే అదనపు ఊగిసలాటైనా తగ్గుతుంది.

తేలిక బ్యాగుల ఉద్యమానికి మూలపురుషులంటే ఇద్దరు గుర్తుకొస్తారు, అందులో ఒకరు బామ్మ. ఎమ్మా గేట్‌వుడ్ 67 ఏళ్ల వయసులో, 1955లో, 3,300 కిలోమీటర్లకు దగ్గరగా ఉన్న అపలాచియన్ దారిని ఒంటరిగా నడిచేసింది. భుజాన సొంతంగా కుట్టుకున్న గుడ్డ సంచి, కాళ్లకు కేడ్స్ బూట్లు, వానకు స్నానాలగది కర్టెను. రెండోవాడు రే జార్డీన్. రాక్ క్లైంబింగులో పేరు మోసినవాడు, ఏరోస్పేస్ ఇంజినీరు. 1992లో వచ్చిన తన పుస్తకంలో ప్రతి వస్తువునూ గ్రాముల్లో తూచి, లేకపోయినా గడిచేదాన్ని వదిలేయమన్నాడు. ఆయన కుట్టుకున్న బ్యాగులో చట్రమే లేదు.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. జార్డీన్ బ్యాగు చూసి అలాంటిదే కొని, అందులో పాత డేరా, దళసరి స్లీపింగ్ బ్యాగు, రెండు జతల జీన్స్ కుక్కుతారు. చట్రం లేని బ్యాగు హాయిగా ఉండేది మొత్తం బరువు తొమ్మిది, పది కిలోలు దాటనంతవరకే. అంతకు మించితే రెండు కిలోల చట్రం బ్యాగే ఒంటికి తేలిక. అందుకే బ్యాగు ఆఖరున కొనాలి. డేరా, పడక, బట్టలు, వంటసామాను ముందు కూడబెట్టి తూచి, రోజుకు తిండి 700 గ్రాముల చొప్పున, నీళ్లు లీటరుకు కిలో చొప్పున కలిపి చూస్తే ఎంత బ్యాగు కావాలో తేలిపోతుంది. ఇంకో సంగతి. పాదానికి తగిలించిన బరువుకు ఒంటిమీది బరువుకన్నా నాలుగు నుంచి ఆరు రెట్లు శక్తి ఖర్చవుతుందని 1969లోనే కొలిచారు. బ్యాగులో 300 గ్రాములు తగ్గించుకోవడానికి వేలు పోసేవాళ్లు ముందు తమ బూట్లను తక్కెడలో వేయడం మంచిది.

గుడ్డ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చీటీ మీది డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ సంఖ్య. 100 డెనియర్ నైలాన్ తేలిక, 210 మొండిది, ముళ్లపొదల దారికి రెండోదే మంచిది. ఖరీదైన బ్యాగుల్లో వాడే డైనీమా కాంపోజిట్‌కు తొలి పేరు క్యూబెన్. ఆ పేరు 1992లో అమెరికాస్ కప్ పడవ పందెం గెలిచిన అమెరికా క్యూబ్డ్ పడవ తెరచాప నుంచి వచ్చింది. ఆ గుడ్డ తడవదు, సాగదు, ధర మాత్రం కళ్లు తిరిగేలా ఉంటుంది. వానకు బ్యాగు పైన కట్టే తొడుగు కన్నా లోపల వేసే మందపాటి ప్లాస్టిక్ సంచి నమ్మకమైనది, గాలికి ఎగిరిపోదు.

దుకాణంలో ఖాళీ బ్యాగు ఎవరికైనా బాగానే ఉంటుంది. ఎనిమిది పది కిలోలు వేసి అరగంట తిరగాలి, వీలైతే మెట్లెక్కాలి. ముందు నడుం పట్టీ బిగించి, ఆ తర్వాతే భుజం పట్టీలు లాగాలి. తుంటి అంచు పట్టీ మధ్యలోకి రావాలి. ఆడవాళ్లకు భుజం పట్టీలు లోపలికి వంపు తిరిగి, నడుం పట్టీ వాలుగా ఉన్న రకాలు వేరుగా దొరుకుతాయి. ఎంత బిగించినా కాలరెముక నొప్పెడితే ఆ సైజు తనది కాదని అర్థం.

ఇంత కష్టపడి అమర్చుకున్న నడుం పట్టీని విప్పాల్సిన చోటు కూడా ఒకటుంది. హిమాలయాల్లో మంచు కరిగి మధ్యాహ్నానికి ఉరవడి పెరిగే వాగుల్ని దాటేముందు నడుం, ఛాతీ బకిల్సు రెండూ తీసేసి, భుజం పట్టీలు వదులు చేసుకోవాలి. కాలు జారి నీళ్లలో పడితే బ్యాగు ఒక్క గుంజుతో వదిలిపోవాలి. ఒంటికి బిగిసి ఉంటే అది మనిషిని ముఖం కిందికి తిప్పి పట్టేస్తుంది.