కట్టరు వాదర – లోహపు నునుపు

అమెరికాలో హైస్కూలు చదివే పిల్లలున్న తెలుగు ఇళ్ళకు రోబోటు పోటీల సందడి కొత్త కాదు. ఆ రోబోటుకు కావలసిన అల్యూమినియం పలకలను మిల్లింగ్ యంత్రంపై చెక్కుకునేటప్పుడు చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. మొదటి పలక అంచు అద్దంవలె మెరుస్తుంది. పదవ పలక అంచు ఎలుక కొరికినట్లుంటుంది. యంత్రమూ అదే, లోహమూ అదే. నెమ్మదిగా నడిపితే నునుపు వస్తుందని పిల్లలు తిరిగే వేగాన్ని, ముందుకు జరిపే వేగాన్ని రెండింటినీ తగ్గిస్తారు. పలక మరింత చెడుతుంది. ఇందుకు కారణం కట్టరు వాదర వద్ద, వెంట్రుక మందంకంటె సన్నని మేరలో జరిగే వ్యవహారంలో ఉన్నది.

లేతు యంత్రంలో తిరిగేది వస్తువు. మిల్లింగ్‌లో తిరిగేది కట్టరు. దాని ప్రతి పన్నూ లోహం నుండి ఒక పలుచని పొరను చెక్కి, వెనుక ఒక చిన్న లోయను మిగులుస్తుంది. రెండు లోయల నడుమ నిలిచే గట్టు ఎత్తే గరుకుతనం. ఈ గట్టు ఎత్తు లోయల మధ్య దూరపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల వ్యాసం, 4 పళ్ళు గల కట్టరు పక్క అంచుతో, ఒక్కొక్క పంటికి 0.05 మిల్లీమీటరు చొప్పున కోస్తే గట్టు ఎత్తు లెక్క ప్రకారం 0.06 మైక్రాను మాత్రమే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంతటి నునుపు కాగితం మీద ఎవరికైనా దక్కుతుంది.

యంత్రం మీద దక్కకపోవడానికి మొదటి కారణం పళ్ళన్నీ సమానంగా తిరగకపోవడం. కట్టరును పట్టి ఉంచే కాలెట్‌లో చిన్న లోహపు రజను ఇరుక్కున్నా కట్టరు ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక పన్ను మిగిలినవాటికంటె 20 మైక్రాన్లు ముందుకు వచ్చిందంటే చివరి గుర్తు మిగిల్చేది ఆ ఒక్క పన్నే. అప్పుడు గీతల మధ్య దూరం 4 రెట్లై 0.2 మిల్లీమీటరు అవుతుంది. గట్టు ఎత్తు 16 రెట్లై ఒక మైక్రానుకు చేరుతుంది. ఖరీదైన కట్టరు కొన్నవారు కాలెట్‌ను గుడ్డతో తుడవడానికి బద్ధకించడం తరచుగా కనిపించే వింత. డయల్ గేజితో ఒరుగును కొలిచేందుకు రెండు నిమిషాలు చాలు.

రెండవ కారణం, నెమ్మదితనం. ఎంత పదునైన వాదర అయినా సూక్ష్మదర్శినిలో గుండ్రంగానే కనిపిస్తుంది. చెక్కవలసిన పొర ఆ గుండ్రని అంచుకంటె బాగా పలుచనైతే పన్ను లోహాన్ని కోయదు, దానిపై రుద్దుకుంటూ పోతుంది. ఘర్షణ వేడి పుడుతుంది, వాదర అరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలయితే రుద్దిన మేర గట్టిపడి, తరువాత వచ్చే పంటిని కూడా పాడుచేస్తుంది. కనుక ముందుకు జరిపే వేగానికి పై హద్దు ఉన్నట్లే కింది హద్దూ ఉన్నది.

అల్యూమినియం విషయంలో దీనికి రసాయనం తోడవుతుంది. గాలిలో ఉన్న అల్యూమినియంపై ఎప్పుడూ ఒక పలుచని ఆక్సైడు పొర ఉంటుంది. కోతలో బయటపడే కొత్త లోహానికి ఆ రక్షణ లేదు. అది ఒత్తిడికి, వేడికి పంటి కొనకు అతుక్కుంటుంది. అతుకుమీద అతుకు పేరుకొని అసలు వాదరను కప్పివేస్తుంది. ఆపైన కోసేది కార్బైడు కాదు, అల్యూమినియం ముద్ద. అది మధ్యమధ్య ఊడి పలకపై పడి గీతలు పెడుతుంది. తిరిగే వేగాన్ని తగ్గిస్తే ఈ అతుకుడు సాధారణంగా ఎక్కువవుతుంది. అందుచేత అల్యూమినియానికి 2 లేక 3 పళ్ళు మాత్రమే ఉండి, పొట్టు జారిపోయేందుకు లోతైన, మెరుగు పెట్టిన గాడులు గల పదునైన కార్బైడు కట్టరును ఎన్నుకోవాలి. టైటానియం అల్యూమినియం నైట్రైడు పూత ఉక్కుకు ఎంతో మేలు చేసినా ఇక్కడ తగదు. అల్యూమినియం దానికి సులభంగా అంటుకుంటుంది. పూత లేనిదైనా మంచిదే.

అతుక్కున్న అల్యూమినియాన్ని పూతలేని కార్బైడు నుండి పలుచని కాస్టిక్ సోడా ద్రావణం కరిగించివేస్తుంది. అయితే ఆ చర్యలో హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. ద్రావణం చుక్క పడితే కన్ను పోగలదు. ఇది పిల్లలకు అప్పగించదగిన పని కాదు.

కాఠిన్యమొక్కటే చూసి కట్టరును ఎన్నుకోరాదనడానికి వజ్రం మంచి ఉదాహరణ. అల్యూమినియాన్ని వజ్రపు మొన అద్భుతంగా కోస్తుంది. ఉక్కును వేగంగా కోస్తే మాత్రం త్వరగా అరిగిపోతుంది. వజ్రం కర్బనమే కదా; వేడెక్కిన ఇనుము ఆ కర్బనాన్ని తనలోకి లాగుకుంటుంది. ఈ బాధ లేని ఘనాకార బోరాన్ నైట్రైడును 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రాబర్ట్ వెంటార్ఫ్ తయారుచేశాడు. గట్టిపరచిన ఉక్కుకు నేడు అదే వాడుక. సాధారణపు ఉక్కుకు పూత గల కార్బైడు చాలు.

ఉక్కును కార్బైడుతో కోసేటప్పుడు చల్లని ద్రవం ధారగా పోయడం అన్నివేళలా మేలు కాదు. పన్ను లోహంలో ఉన్నంతసేపు కాగుతుంది, బయటికి రాగానే చల్లబడుతుంది. నిమిషానికి వేలసార్లు ఇలా జరిగితే వేడి గాజుగ్లాసుపై చన్నీళ్ళు పడినట్లు వాదరకు అడ్డంగా పగుళ్ళు పుడతాయి. పొట్టును ఊదివేసే గాలి ధార చాలాచోట్ల ఇంతకంటె నయం. స్టెయిన్‌లెస్ స్టీలుకు, టైటానియానికి ద్రవం కావలసిందే.

ఇక సంరక్షణ. పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంతో వాదరను చూస్తే అరిగిన మేర తెల్లని గీతవలె మెరుస్తుంది. ఆ గీత వెడల్పు 0.3 మిల్లీమీటరుకు చేరడం కట్టరు ఆయుష్షు తీరినదనడానికి సాధారణ ప్రమాణం. నునుపు కోరేవారు అంతకు ముందే దానిని తీసివేసి మోటుకోతకు మార్చాలి. కట్టర్లన్నింటినీ ఒకే సొరుగులో కుమ్మరిస్తే అవి ఒకదానినొకటి కొట్టుకొని, వాడకముందే వాదరలు పెళుసులు లేస్తాయి.

హైస్పీడ్ స్టీలు కట్టర్లకు తిరిగి సాన పట్టడం పాత అలవాటు. సికింద్రాబాదులోని ప్రాగా టూల్స్ తయారుచేసిన సాన యంత్రాలు ఆనాటి ఇంజనీర్లు కొందరికి గుర్తుండే ఉంటాయి. సాన తరువాత వ్యాసం తగ్గుతుంది. ఆ కొత్త కొలతను యంత్రానికి తెలపకపోతే పలకల కొలతలు తప్పుతాయి. కార్బైడుకు సాన వజ్రపు చక్రంతోనే సాధ్యం, ఇక్కడ మరొక ప్రమాదం ఉన్నది. టంగ్‌స్టన్ కార్బైడు రేణువులను కలిపి ఉంచేది కోబాల్టు. ఈ రెండింటి ధూళిని ఏళ్ళ తరబడి పీల్చిన కొందరు కార్మికుల ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడ్డాయి. దీనికి హార్డ్ మెటల్ వ్యాధి అని పేరు. ఇంటి గరాజులో పొడి చక్రంపై కార్బైడు సాన పట్టడం ఎంతమాత్రం తగదు. పట్టేచోట చక్రంపై ద్రవం పడుతుండాలి, ధూళిని పుట్టినచోటనే లాగివేసే గొట్టం ఉండాలి. నేలపై మిగిలినదానిని తడిగుడ్డతో తుడవాలి. చీపురుతో ఊడ్వడం గాని, గాలిగొట్టంతో ఊదడం గాని చేయరాదు.