కౌమారదశలో ఆందోళన: పిల్లల మాట, తల్లిదండ్రుల స్పందన

ఉపోద్ఘాతం:
ఆందోళనకు దగ్గరి పదాలు తెలుగులో అనేకం. ఆత్మీయుల ఎడబాటు వల్ల కలిగేది ‘బెంగ’. మనసును కుంగదీసేది ‘దిగులు’. కొత్తవారి ముందు కలిగేది ‘బెరుకు’. అయితే ఇంటర్మీడియట్ చదువుకై హాస్టల్లో చేరిన పిల్లలు తరచుగా వీటిలో ఏ పదాన్నీ వాడరు. ‘కడుపులో నొప్పి’, ‘నిద్ర పట్టడం లేదు’ అంటారు. ఇది నటన కాదు. భయం కలిగినప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం పెరుగుతుంది, జీర్ణక్రియ మందగిస్తుంది.

విశ్లేషణ:
‘ఇంతమాత్రానికేనా?’ అన్న పెద్దల ప్రశ్న పిల్లల నోరు మూయిస్తుంది. అలాగని వారాంతపు పరీక్ష రాయకుండా ఇంటికి తీసుకురావడమూ పరిష్కారం కాదు. తప్పించుకున్న ప్రతిసారీ తాత్కాలిక ఉపశమనం కలిగి, భయం మరింత బలపడుతుంది. శారీరక కారణాలను వైద్యునిచేత పరీక్షింపజేయాలి. సలహా ఇవ్వకముందే పూర్తిగా వినాలి. భయపెడుతున్నదేమిటో పిల్లలచేతనే చెప్పించాలి. ఆపై దానిని చిన్నచిన్న మెట్లుగా ఎదుర్కొనేందుకు తోడుండాలి.

ముగింపు:
లక్షణాలు వారాల తరబడి కొనసాగి నిద్ర, ఆహారం, చదువు దెబ్బతింటే మానసిక వైద్యుని సహాయం అవసరం. చావు ప్రస్తావన వినిపిస్తే ఒక్కరోజు కూడా ఆగరాదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ (14416) తెలుగులోనూ ఉచితంగా సేవలందిస్తున్నది. హాస్టల్ నుంచి వచ్చే ఫోనులో మార్కుల కన్నా ముందు ‘కడుపునొప్పి’ గురించి అడగడం తల్లిదండ్రుల తొలి కర్తవ్యం.