కౌన్సిల్ వార్తలో మన వీధి ఎక్కడుంది?

నగరపాలక సంస్థ కౌన్సిల్ సమావేశం జరిగిన మర్నాడు జిల్లా పేజీ తెరిస్తే పెద్ద అక్షరాల్లో కనబడేది గొడవే. పోడియం చుట్టుముట్టిన సభ్యులు, నినాదాలు, వాకౌట్. చివరి పేరాలో మాత్రం ఓ చిన్న వాక్యం ఉంటుంది: అజెండాలోని మిగిలిన అంశాలను సభ ఆమోదించింది. మన ఇంటి ముందు కాలువ, వీధి దీపం, కుళాయి నీళ్లు, పార్కు గోడ అన్నీ ఆ ‘మిగిలిన అంశాల్లో’నే ఉంటాయి. అందుకే ఆ చివరి పేరాను ఎలా చదవాలో తెలుసుకోవాలి.

ముందు సభలో ఎవరెవరు కూర్చుంటారో చూద్దాం. విశాఖనే తీసుకుందాం. మహా విశాఖ నగరపాలక సంస్థలో 98 వార్డులున్నాయి, వార్డుకొక కార్పొరేటర్. వారితో పాటు ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా వస్తారు. సభ నడిపేది మేయర్. తీర్మానాన్ని అమలు చేయాల్సింది కమిషనర్, ఆయన ప్రభుత్వం నియమించిన అధికారి. కార్పొరేటర్లు తమలోంచి ఏటా పదిమందిని ఎన్నుకుంటారు, అదే స్థాయీ సంఘం. కొన్ని పనులు ఆ సంఘం దగ్గరే తేలిపోతాయి, కౌన్సిల్ దాకా రావు. అందుకని కౌన్సిల్ వార్తతో పాటు స్థాయీ సంఘం వార్తనూ చూడాలి.

ఈ సభ ఉండటం ఎంత అవసరమో విశాఖ వాళ్లకు అనుభవమే. 2007లో ఎన్నికైన కౌన్సిల్ గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఆ కాలంలోనే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విరుచుకుపడింది. 2020లో కరోనా వచ్చింది. అదే ఏడాది మే 7న నగరంలోని ఆర్.ఆర్.వెంకటాపురంలో ఓ కర్మాగారం నుంచి వెలువడిన విషవాయువు జనాన్ని బలిగొంది. ఇంతింత కష్టాల్లోనూ ‘మా వార్డు సంగతేంటి’ అని సభలో నిలబడి అడగడానికి ఒక్క కార్పొరేటర్ కూడా లేడు. గడువు తీరకముందే ఎన్నికలు పెట్టాలని 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ స్పష్టంగా చెబుతోంది. సుప్రీంకోర్టు 2006లో మళ్లీ అదే గట్టిగా చెప్పింది. అయినా అంతకాలం నగరానికి సభ లేకుండా పోయింది.

ఇక అజెండా. అందులో ఒక అంశం సుమారుగా ఇలా ఉంటుంది: ‘ఫలానా జోన్, ఫలానా వార్డు, ఫలానా కాలనీలో రామాలయం నుండి మలుపు వరకు సీసీ డ్రెయిన్ నిర్మాణము, అంచనా విలువ ఇన్ని లక్షలు, పరిపాలనా ఆమోదం కొరకు.’ చూడ్డానికి పొడిపొడి మాటలే. ఇందులో అందరి కళ్లూ లక్షల దగ్గర ఆగుతాయి. నేనైతే ‘నుండి’, ‘వరకు’ అన్న రెండు మాటల దగ్గర ఆగమంటాను.

ఎందుకంటే నీరు పల్లమెరుగు. ఉత్తరాంధ్రలో కొండల మీంచి దిగే వాగును గెడ్డ అంటారు. విశాఖకు తాగునీరిచ్చే మేహాద్రిగెడ్డ జలాశయం పేరులోనూ ఆ మాటే ఉంది. కొండల మధ్య ఊరు కాబట్టి వాన పడితే నీళ్లు వీధి కాలువల్లోంచి పెద్ద కాలువలోకి, అక్కడి నుంచి గెడ్డలోకి, ఆపైన సముద్రంలోకి పోవాలి. కాలువ మలుపు వరకే కట్టి, అక్కడి నుంచి గెడ్డ దాకా దారి లేకపోతే ఏమవుతుంది? పై వీధి నీళ్లు కూడా కలిసి మలుపు దగ్గరి ఇళ్ల గుమ్మాల్లోకి వస్తాయి. కాలువ లేనప్పుడు వీధంతా పంచుకున్న బాధ ఇప్పుడు ఆ నాలుగిళ్లే మోస్తాయి. కాగితం మీద మాత్రం పని పూర్తయినట్టే లెక్క.

మరో మాట: ‘ఆమోదం’ అంటే పని మొదలైనట్టు కాదు. పరిపాలనా ఆమోదం తర్వాత సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, ఆ తర్వాతే పార పడుతుంది. చేసిన పనిని ఇంజనీర్లు కొలిచి కొలతల పుస్తకంలో, అంటే ఎం-బుక్‌లో రాస్తారు, దాన్ని బట్టే బిల్లు. కాబట్టి ఆర్నెల్లయినా పని కనబడకపోతే ‘ఎందుకు చేయలేదు’ అని ఊరికే అడగకండి. ‘ఏ మెట్టు దగ్గర ఆగింది’ అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు దాటవేయడం కష్టం.

వార్తల్లో తరచూ వచ్చే ఇంకో రెండు మాటలున్నాయి. సమావేశం రోజునే సభ్యుల చేతికి వచ్చే అదనపు అంశాలను టేబుల్ అజెండా అంటారు. వాటిని చదివే తీరిక సభ్యులకే ఉండదు, మనం మరింత జాగ్రత్తగా చూడాలి. ర్యాటిఫికేషన్ అంటే ముందే చేసేసిన పనికి తర్వాత సభ ముద్ర వేయడం. తుపాను వేళ చెట్లు తొలగించడం వంటి అత్యవసరాలకు అది న్యాయమే. మామూలు పనులకూ అదే అలవాటైతే సభ ఎందుకన్న ప్రశ్న వస్తుంది.

సామాన్యుడికి దారులు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వార్డు సచివాలయంలో ఎమినిటీస్ కార్యదర్శి ఉంటారు, కాలువల, రోడ్ల సంగతి ముందు ఆయన్నే అడగొచ్చు. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకు నాలుగు కమిటీలుండాలి: యువతకు, మహిళలకు, వృద్ధులకు, ప్రముఖులకు ఒక్కొక్కటి. ఒక్కో కమిటీలో 15 మంది. మీ వార్డులో ఆ కమిటీలు కూర్చుంటున్నాయో లేదో కనుక్కోండి. ఇక అంచనా కాగితాలు, ఎం-బుక్ నకళ్లు కావాలంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి.

వచ్చేసారి కౌన్సిల్ సమావేశానికి ముందు మీ కార్పొరేటర్ దగ్గర అజెండా అడిగి తీసుకోండి. మీ వార్డు నంబరు వెతకండి. దాని పక్కన ‘వరకు’ అన్న మాటకు ముందు ఏ పేరుందో చూడండి. అక్కడ గెడ్డ పేరో, దానిలో కలిసే పెద్ద కాలువ పేరో లేకపోతే, వానలు పడకముందే, సంతకాలు కాకముందే అడగాలి.