ఊరికీ జ్ఞాపకాలుండాలి!

కథలో ఊరనగానే బస్టాండూ, టీకొట్టూ, రచ్చబండా గుర్తొస్తాయి కదూ! వాటిని ఎంత చక్కగా వర్ణించినా ఊరు కళ్ళకు కడుతుందేగానీ మనసుకు పట్టదు. ఆ ఊరికి జ్ఞాపకాలు కూడా ఉండాలి. ఆ లోటు తీర్చేదే ఫ్లాష్‌బ్యాక్.

ఆర్.కె. నారాయణ్ సృష్టించిన మాల్గుడినే చూడండి. మ్యాపులో ఎంత వెతికినా దొరకదు. కానీ 'లాలీ రోడ్' కథ చదివాక అది నిజం ఊరు కాదంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన హుషారులో మునిసిపాలిటీ ఓ తెల్లదొర విగ్రహాన్ని తీయించేస్తుంది. తీరా ఆరా తీస్తే, ఊరిని నిలబెట్టిందీ, వరదలో జనాన్ని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకుందీ ఆ దొరేనట! దాంతో నిన్నటి ఘనకార్యం కాస్తా ఇవాళ తలనొప్పిగా మారుతుంది. పాత సంగతి తెలిశాక కళ్ళముందున్నది వేరుగా కనిపించాలి. అప్పుడే ఫ్లాష్‌బ్యాక్ పండినట్టు.

మన కడప జిల్లా గండికోటలాంటి ఊరిని కల్పించి కథ రాస్తున్నారనుకోండి. పెన్నానది లోయ అంచున కోట. పెమ్మసానివాళ్ళు ఏలారు, మీర్ జుమ్లా పట్టుకున్నాడు, 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వచ్చాడు అని వరసగా రాసుకుపోతే పాఠ్యపుస్తకమే అవుతుంది. అదే, జామా మసీదు పక్కనున్న ధాన్యాగారం ముందు నిలబడ్డ ఈనాటి కోడలిపిల్లకు, ముట్టడినాడు పిల్లల కోసం గింజలు లెక్కబెట్టుకున్న ఓ తల్లి కథ తెలిస్తే? రాజుల చరిత్రలో చోటు దొరకని ఆ తల్లికి కథలో దొరుకుతుంది.

అంత వెనక్కి కూడా పోనక్కర్లేదు. గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు, 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఇళ్ళు వదిలారు. అలాంటి ఊరి ఇల్లాలికి కొత్త కాలనీ వంటింట్లో పాత పెరటి వేపచెట్టు గుర్తొస్తే, మునిగిన ఊరికి ఇక అదే చిరునామా.

అయితే ఊరికే వెనక్కి పోకూడదు. ఓ వాసనో, సొట్టచెంబో, పాత తగవో పిలవాలి. పని అయిపోగానే తిరిగొచ్చేయాలి.

మీ ఇంట్లో అవ్వ ఉందా? పొద్దువాలాక పక్కన కూర్చుని, "అవ్వా, అప్పట్లో ఈ వీధి ఎట్లుండేది?" అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. రేపు అడుగుదాంలే అనుకుంటే, ఆ వీధి కూడా ఆమెతోనే పోతుంది.